రెండు బృందాల లెక్క ఎక్కడ కుదురుతుంది?

1959 మే నెలలో న్యూయార్క్‌లోని సిటీ సెంటర్ వేదిక మీద ‘ఎపిసోడ్స్’ అనే నృత్య ప్రదర్శన తొలిసారి జరిగింది. ఒకవైపు అమెరికా ఆధునిక నృత్యానికి పెద్ద దిక్కయిన మార్తా గ్రాహం బృందం, మరోవైపు జార్జ్ బాలంచీన్ నడిపే న్యూయార్క్ సిటీ బ్యాలే. ఈ ఇద్దరినీ ఒకచోటికి తేవాలన్న ఆలోచన బాలంచీన్‌తో కలిసి ఆ బ్యాలే సంస్థను స్థాపించిన లింకన్ కర్‌స్టీన్‌ది. సంగీతం మొత్తం ఒకే స్వరకర్తది, ఆంటన్ వెబెర్న్‌ది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే ఒరనే మధ్యకు కోసి చెరి సగం పంచుకున్నారు.

మొదటి సగం గ్రాహంది. అది స్కాట్లండ్ రాణి మేరీ కథ. 65 ఏళ్ళ వయసులో గ్రాహం తానే మేరీ అయ్యారు. మేరీకీ ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌కీ మధ్య నడిచిన పోరును టెన్నిస్ ఆటగా చూపించారు. రెండో సగం బాలంచీన్‌ది. అందులో కథ లేదు, రాణులు లేరు. శరీరాలు, వెబెర్న్ స్వరాలు, ఆ స్వరాల మధ్య పొడవాటి నిశ్శబ్దాలు మాత్రమే. రెండు బృందాలూ ఇచ్చిపుచ్చుకున్నది కొద్దిమంది నర్తకులనే. ఎలిజబెత్ పాత్రకు బ్యాలే వైపు నుంచి సాలీ విల్సన్ వెళ్ళారు. బాలంచీన్ సగంలో ఒంటరిగా చేసే ఒక నృత్యానికి గ్రాహం బృందం నుంచి పాల్ టేలర్ వచ్చారు. పాలగ్లాసులో పడిన ఈగలా ఉండాలని బాలంచీన్ తనతో అన్నట్టు టేలర్ తరువాతి రోజుల్లో చెప్పుకున్నారు. రెండు మహా సంస్థల కలయికలో నిజంగా కలిసిందేమిటని వెతికితే చేతికి చిక్కేది ఆ ఈగ ఒక్కటే.

రెండు నృత్య బృందాలు కలిసి ఒక ప్రదర్శన చేస్తున్నాయనగానే చూసేవారి మనసులో మెదిలేది శైలుల కలయిక. వీరి చేతులు, వారి కాళ్ళు కలిసి కొత్త భాష ఏదో పుడుతుందన్న ఆశ. ప్రచార పత్రాలు కూడా ఆ ఆశనే అమ్ముతాయి. ‘సరిహద్దులు చెరిపేసిన నృత్యం’ అన్న మాట అచ్చులో ఎన్నిసార్లు పడిందో ఎవరూ లెక్కపెట్టి ఉండరు. అసలు లోపల జరిగేది వేరు. శైలులు కలవడం చిట్టచివరి సంగతి, కలవకపోయినా పెద్ద నష్టమేమీ లేదు. ముందుగా కుదరాల్సింది లెక్క. తెలుగులో ఈ మాట భలే సౌకర్యమైనది. అడుగుకు అంకె చెప్పడమూ లెక్కే, డబ్బూ లెక్కే, రోజులు చూసుకోవడమూ లెక్కే. రెండు బృందాలు విడిపోయేది చాలావరకు వీటి దగ్గరే. కళాభిప్రాయాల తేడా అని బయటికి చెప్పుకునేవాటిలో కూడా కొన్ని తరచి చూస్తే ఇక్కడికే చేరతాయి.

అడుగుల లెక్కతో మొదలుపెడితే, చాలా స్టూడియోలలో ఎనిమిది దాకా అంకెలు చెప్పుకుంటూ నృత్యం నేర్పుతారు. ‘ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అనగానే అందరూ కదులుతారు. వినడానికి ఇందులో తేడా వచ్చేదేమీ లేదు. కానీ ‘ఒకటి’ అన్నప్పుడు పాదం నేలకు తాకాలా, నేల నుంచి లేవాలా? ఎగరడమే గొప్పగా పెరిగిన నర్తకి ఒకటి దగ్గరికి గాలిలో ఉంటుంది. నేలను తొక్కడమే ప్రాణమైన నృత్యంలో పెరిగినవారికి ఒకటి అంటే మడమ దిగిన క్షణం. ఇద్దరూ ఒకే అంకె వింటారు, ఇద్దరూ తప్పు చేయరు, అయినా వరుసలో అర అంకె ఎడం కనిపిస్తుంది. చూసేవారికి అది కలిసి సాధన చేయకపోవడంలా తోస్తుంది. నిజానికి అది ఇరవై ఏళ్ళ సాధన.

అసలు అంకెలే చెప్పుకోని బృందాలూ ఉన్నాయి. ముందు నిలబడ్డ ఒకరు ఊపిరి లోపలికి తీసుకుంటే వెనకవారు కదులుతారు. అమెరికా నృత్యకర్త మెర్స్ కన్నింగ్‌హామ్ బృందంలో సంగీతం, నృత్యం వేర్వేరుగా తయారయ్యేవి. నర్తకులు నిశ్శబ్దంలో, స్టాప్‌వాచ్ మీద నిమిషాలు సెకన్లు చూసుకుంటూ సాధన చేసేవారు. ఆ సంగీతాన్ని చాలాసార్లు మొదటి ప్రదర్శన రోజునే వినేవారు. అలాంటి శిక్షణ ఉన్నవారికి కాలం ఒంట్లోనే ఉంటుంది, మద్దెలలో ఉండదు. వారిని తాళం మీద బతికే బృందంతో నిలబెడితే, మొదటి వారమంతా ఎవరు ఎవరి కోసం ఆగాలన్న ప్రశ్నతోనే గడిచిపోతుంది.

అంకెలకు భాష కూడా ఉంటుందన్నది ఇంకో సంగతి. 1913 మే 29న పారిస్‌లో స్వరకర్త స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలే తొలి ప్రదర్శనకు ప్రేక్షకులు చేసిన గోల చరిత్రకెక్కింది. ఆ గోలలో వాద్యం వినపడక నర్తకులు తడబడుతుంటే, నృత్యకర్త నిజిన్‌స్కీ తెరపక్కన కుర్చీ ఎక్కి రష్యన్‌లో అంకెలు అరిచారు. రష్యన్‌లో పది దాటిన అంకెలు పొడవుగా ఉంటాయి. పదిహేడు అనేలోపు అడుగు దాటిపోయేదని చెబుతారు. తెలుగు మాత్రం ఏం తక్కువ? ‘పదిహేడు’ అనడానికి నాలుగు అక్షరాలు కావాలి, ‘ఒకటి’కే మూడు. వేగంగా సాగే జతికి అంకెలు పనికిరావని గ్రహించినవారు ‘తకిట’, ‘తకధిమి’ అన్న సొల్లుకట్లను పట్టుకున్నారు. అందులో ఎంత లెక్క ఉందో అంతే శబ్దం ఉంటుంది, ఒకటి చెబితే రెండోది దానంతటదే తెలుస్తుంది. వేర్వేరు భాషల బృందాలు కలిసినప్పుడు చాలాసార్లు చివరికి జరిగేది ఇదే. వారి అంకెలూ వీరి అంకెలూ పక్కకు పోయి, ఇద్దరి నోటికీ పలికే ఏదో ఒక శబ్దం రిహార్సల్‌లో మిగులుతుంది.

దీనికి మంచి నమూనా నృత్యగ్రామ్, చిత్రసేన బృందాల కలయిక. నృత్యగ్రామ్ 1990లో బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ప్రొతిమా గౌరీ స్థాపించిన ఒడిస్సీ గురుకులం. చిత్రసేన బృందం శ్రీలంకలో కాండ్యన్ నృత్యాన్ని ఊరి కర్మకాండల నుంచి నాటకశాల వేదిక మీదికి తెచ్చిన సంస్థ. ఈ రెండూ కలిసి 2012లో ‘సంహార’, మరికొన్నేళ్ళకు ‘ఆహుతి’ చేశాయి. రెండూ సంప్రదాయ నృత్యాలే కదా, సమకాలీన బృందాల చర్చలో ఇవెందుకని అడగవచ్చు. కలిసి పనిచేసే పద్ధతి ఇంత స్పష్టంగా కనిపించే ఉదాహరణలు అరుదు కాబట్టి. ఒడిస్సీలో నడుము ఒక పక్కకు ఒరిగి, మెడ ఇంకో పక్కకు వాలి శరీరం మూడు వంపులు తిరుగుతుంది. కాండ్యన్‌లో వెన్ను నిటారు. మోకాళ్ళు బయటికి విచ్చుకుని, చేతులు భుజాల ఎత్తున చాచి ఉంటాయి. గంతులు, గిరగిర తిరగడాలు ఎక్కువ. నృత్యగ్రామ్‌కు చెందిన సురూపా సేన్ నృత్యరచనలో ఒకరి వంపు ఇంకొకరికి పులమలేదు. ఒడిస్సీ నర్తకి ఒడిస్సీలోనే ఉంటుంది, కాండ్యన్ నర్తకి కాండ్యన్‌లోనే ఉంటుంది. కలిసేది మద్దెల దగ్గర. ఒకే తాళచక్రంలో ఒకరు మెల్లగా వంపు తిరుగుతుంటే, పక్కనే ఇంకొకరు అదే చక్రాన్ని గంతులుగా కోస్తుంటారు. ఆ రెండు శరీరాలు పక్కపక్కన ఉన్నప్పుడే ఒడిస్సీ ఎంత మెత్తనిదో, కాండ్యన్ ఎంత తెరిపి ఉన్నదో కంటికి తెలుస్తుంది. విడివిడిగా చూస్తే ఇంత తెలియదు.

రెండో చిక్కు బరువు. బ్యాలేలో ఒక నర్తకుడు నర్తకిని పైకెత్తాడంటే అందులో సగం పని ఆమెదే. మోకాళ్ళు వంచి, సరైన క్షణంలో ఎగిరి, పొట్ట బిగించి, తనను తాను ఒక కడ్డీలా చేసుకుంటుంది. అతని చేతులు ఆ ఊపును అందుకుని పైకి పంపుతాయి. 1972లో స్టీవ్ పాక్స్టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ దారి దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ ఎత్తడం లేదు, ఒరగడమే ఉంది. ఒకరు తమ బరువును ఎదుటివారి తుంటి మీదికో వీపు మీదికో మెల్లగా వదులుతారు, ఆ బరువే ఇద్దరినీ ఎటు తిప్పితే అటు తిరుగుతారు. చేతులతో పట్టుకోవడం చాలా తక్కువ. ఇప్పుడు ఈ ఇద్దరినీ జంటగా నిలబెట్టండి. ఆమె అలవాటు కొద్దీ ఎగురుతుంది. అతను ఎత్తడానికి సిద్ధంగా లేడు, వీపును వాలుగా పెట్టి ఎదురుచూస్తున్నాడు. ఆమె వీపు దాటి అవతలికి పోతుంది. ఇద్దరి అలవాట్లూ తారుమారైతే పరిస్థితి ఇంకా ప్రమాదం. అతను చేతులతో పైకి లాగుతాడు, ఆమె బరువంతా వదిలేసి ఉంటుంది. ఆ భారం అతని నడుము మీద పడుతుంది.

అనుభవం ఉన్న రిహార్సల్ దర్శకులు అందుకే ఎత్తడాలను వెంటనే మొదలుపెట్టనివ్వరు. నడిపిస్తారు, వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి లేపుతారు, ఒకరి భుజం మీద ఇంకొకరి తల పెట్టించి ఊరికే నిలబెడతారు. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. ఎవరి బరువు ఎక్కడ ఉంటుందో ఒంటికి తెలిసేది ఈ ఆటలోనే.

పొద్దున పూట క్లాసు సంగతీ ఇలాంటిదే. ప్రతి బృందానికీ రోజు మొదలయ్యే తీరు ఒకటుంటుంది. ఒకరు కడ్డీ పట్టుకుని బ్యాలే అడుగులతో మొదలుపెడతారు, ఒకరు నేల మీద పడుకుని శ్వాసతో మొదలుపెడతారు. రెండు బృందాలు ఒకే హాల్లో ఉన్నప్పుడు ఎవరి క్లాసు చేయాలి? ఒకరోజు వీరిది, ఒకరోజు వారిది అన్న పంపకం న్యాయంగానే ఉంటుంది కానీ, అలవాటు లేని క్లాసుతో వేడెక్కిన కండరం మధ్యాహ్నం అలవాటైన గంతుకు సహకరించకపోవచ్చు. ఇదంతా ప్రేక్షకుడికి అనవసరమైన విషయం. నర్తకులకు మాత్రం భోజనమంత ముఖ్యం.

ఇక నిర్ణయం ఎవరిది? ఇద్దరు నృత్యకర్తలకూ సమాన అధికారం అన్న ఏర్పాటు కాగితం మీద అందంగా ఉంటుంది. ఆచరణలో మంచి ఫలితాలు ఎక్కువగా ఒకరి చేతిలో పగ్గాలున్నప్పుడే వచ్చాయి. రెండో వైపువారికి మాట చెప్పే హక్కు ఉంటే చాలు. 2008లో బ్రిటిష్ నృత్యకర్త అక్రమ్ ఖాన్ తన బృందాన్నీ చైనా నేషనల్ బ్యాలే నర్తకులనూ కలిపి ‘బాహోక్’ చేశారు. బెంగాలీలో ఆ మాటకు మోసేవాడు అని అర్థం. చైనా, కొరియా, భారత్, దక్షిణాఫ్రికా, స్పెయిన్ వంటి దేశాల నుంచి వచ్చినవారు అందులో ఉన్నారు. వేదిక ఒక ప్రయాణికుల నిరీక్షణ స్థలం. పైన ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఆలస్యం కబుర్లు మారుతూ ఉంటాయి. ఈ ఎంపికలో ఉన్న తెలివి గమనించదగ్గది. ఒకరికొకరు పొసగని శరీరాలను ఒకచోట చేర్చడానికి కారణం కావాలి. విమానాశ్రయం ఆ కారణాన్ని ఉచితంగా ఇచ్చేస్తుంది. అక్కడ అందరూ పరాయివారే, ఎవరి నడక వారిదే.

ఈ తెలివిని అందరూ అరువు తెచ్చుకోవడం వల్ల ఒక బలహీనత కూడా స్థిరపడింది. రెండు బృందాలు కలిసి చేసే ప్రదర్శనల్లో చాలావాటికి ‘కలుసుకోవడమే’ కథావస్తువు. అపరిచితులు ఎదురుపడతారు, అనుమానంగా చూసుకుంటారు, ఒకరి కదలిక ఒకరు అనుకరిస్తారు, చివరికి అందరూ ఒక వరుసలో నిలబడి ఒకే అడుగు వేస్తారు. రిహార్సల్ హాల్లో జరిగిన కథనే వేదిక మీద మళ్ళీ చెప్పడం ఇది. ఒకటి రెండుసార్లయితే ముచ్చటగా ఉంటుంది.

అందరూ ఒకే అడుగు వేయడాన్ని ఇంకోలా వాడుకున్నవారూ ఉన్నారు. బృందాలు కాక ఇద్దరు నర్తకులే చేసిన ‘జీరో డిగ్రీస్’ ఇక్కడ చెప్పుకోవాలి. 2005లో అక్రమ్ ఖాన్, సిదీ లార్బీ షెర్కావీ దీన్ని లండన్‌లోని శాడ్లర్స్ వెల్స్ నాటకశాలలో ప్రదర్శించారు. ఒకరిది కథక్ నేపథ్యం, ఇంకొకరిది ఐరోపా సమకాలీన నృత్యం. మొదట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక ప్రయాణంలో సరిహద్దు దగ్గర పాస్‌పోర్టుతో పడ్డ ఇబ్బందిని చెబుతారు. అనుభవం ఖాన్‌ది. చెప్పేది మాత్రం ఇద్దరూ, ఒకే గొంతుతో, ఒకే క్షణంలో. మాటలే కాదు, మాట దొరక్క తడుముకోవడం, వాక్యం మధ్యలో చేయి గాలిలో తిప్పడం, ముక్కు దగ్గర వేలు పెట్టడం లాంటి చిల్లర కదలికలు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. ఇంకా నృత్యం మొదలే కాలేదు, అప్పటికే ఇద్దరి కాలమూ ఒకటైపోయింది. ఆ తరువాత ఎవరి శైలిలో వారు ఎంత దూరం వెళ్ళినా చూసేవారికి తాడు తెగినట్టు అనిపించదు.

ఎదురు శైలులను ఒకే వేదిక మీద ఢీకొట్టించి నవ్వించినది 1973 నాటి ‘డ్యూస్ కూప్’. అమెరికా నృత్యకర్త ట్వైలా థార్ప్ దీన్ని జాఫ్రీ బ్యాలే అనే సంస్థ కోసం కూర్చారు. తన బృందంలోని నర్తకులను కూడా వారితో కలిపి ఆడించారు. పాటలు బీచ్ బాయ్స్‌వి. వెనక కాగితపు తెరల మీద గోడరాతల కుర్రాళ్ళు రంగు డబ్బాలతో అప్పటికప్పుడు బొమ్మలు వేస్తుంటారు. ఇంత సందడి మధ్య ఒక బ్యాలే నర్తకి, తెల్లటి దుస్తుల్లో, ఎవరినీ పట్టించుకోకుండా బ్యాలే అడుగులను అక్షరక్రమంలో ఒక్కొక్కటే చేసుకుంటూ పోతుంది. నిఘంటువు పేజీలు తిప్పినట్టు. చుట్టూ ఉన్నవారు భుజాలు జార్చి, ఒళ్ళు విరుచుకుని, వీధిలో నడిచినట్టు నడుస్తుంటే ఆమె క్రమం చెదరదు. ఎవరూ ఎవరి దారిలోకీ రారు. రెండు బృందాలను కలపడానికి వాటిని రాజీ పడమనాల్సిన అవసరం లేదని ఇంత సరదాగా నిరూపించిన ప్రదర్శన ఇంకొకటి దొరకడం కష్టం.

దీనికి తరువాత ఏమైందో చూస్తే రోజుల లెక్క బయటపడుతుంది. రెండేళ్ళకు, 1975లో, థార్ప్ దీన్ని ‘డ్యూస్ కూప్ 2’గా తిరగరాశారు. ఈసారి తన నర్తకులు లేరు, జాఫ్రీవారు మాత్రమే. కారణం ఊహించడం పెద్ద పని కాదు. ప్రతి బృందానికీ సొంత పర్యటనలు, సొంత కొత్త నృత్యాలు ఉంటాయి. రెండు క్యాలెండర్లలోనూ ఖాళీగా ఉన్న వారాలు ఏడాదికి ఎన్ని దొరుకుతాయి? దొరికినా ఆ వారాల్లో నాటకశాల ఖాళీగా ఉండాలి. ఒకరికి గాయమైతే ప్రత్యామ్నాయం వారి బృందం నుంచే రావాలి. అందుకే కలిసి చేసిన నృత్యాల ఆయుష్షు సాధారణంగా చిన్నది. నిలిచేవి కూడా ఏదో ఒక బృందం ఇంటిలోకి మారి నిలుస్తాయి.

డబ్బు లెక్క ఇంకా మొండిది. మనుషులు రెట్టింపు, విమాన టిక్కెట్లు రెట్టింపు, గదులు రెట్టింపు. టిక్కెట్ల రాబడి మాత్రం ఒక ప్రదర్శనదే. అందుకే ఇలాంటివాటి వెనక తరచుగా ఉత్సవాలో పెద్ద నాటకశాలలో ఉంటాయి. వేన్ మెక్‌గ్రెగర్ బృందమూ పారిస్ ఒపేరా బ్యాలే నర్తకులూ కలిసి చేసిన ‘ట్రీ ఆఫ్ కోడ్స్’ 2015లో మాంచెస్టర్ అంతర్జాతీయ ఉత్సవంలో మొదలైంది. అంతకన్నా సున్నితమైనది జీతాల తేడా. ఒక బృందంలో నర్తకులకు నెలనెలా జీతం వస్తుంది, ఇంకో బృందంలో పని ఉన్నన్నాళ్ళే పారితోషికం. రిహార్సల్ ఒక వారం పొడిగిస్తే మొదటివారికి అది అలసట, రెండోవారికి ఇంకో అవకాశం వదులుకోవడం. ఒకే హాల్లో ఒకే గంతు వేసేవారి మధ్య ఈ తేడా గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మొహాలు మాత్రం చెబుతాయి.

హక్కుల సంగతి ముందే రాసుకోకపోతే ఏమవుతుందో తెలియడానికి రెండు బృందాలు కూడా అక్కర్లేదు, ఒకటి చాలు. మార్తా గ్రాహం 1991లో చనిపోయాక ఆమె నృత్యాలు ఎవరివన్న వివాదం కోర్టుకెక్కింది. వాటిలో ఎక్కువ భాగం ఆమె వారసుడివి కావు, ఆమె పనిచేసిన సంస్థవేనని అమెరికా కోర్టు 2002లో తేల్చింది. ఈ గొడవ మధ్యలో సంస్థ కొంతకాలం పని ఆపేయాల్సి వచ్చింది. ఒక్క మనిషి, ఒక్క సంస్థ ఉన్నచోటే ఇంత జరిగితే, ఇద్దరు నృత్యకర్తలు ఒకే పదహారు అంకెల్లో చెరో చేయి వేసిన చోట ఏ కదలిక ఎవరిదో ఎవరు చెబుతారు? ఒప్పందంలో రాయాల్సినవి నిజానికి చాలా మామూలు ప్రశ్నలు. విడిపోయాక ఒక బృందం ఒంటరిగా దీన్ని ప్రదర్శించవచ్చా? మొదటి నర్తకి మానేస్తే ఆ పాత్ర ఇంకొకరికి ఎవరు నేర్పాలి? వీడియో ఎవరి దగ్గర ఉండాలి? పోస్టరు మీద ఎవరి పేరు ముందు రావాలన్నది కూడా ఇక్కడే తేలాలి. దాన్ని చిన్న విషయమనుకున్నవారు పోస్టరు అచ్చయ్యాక బాధపడతారు.

‘ఎపిసోడ్స్’ విషయానికొస్తే, గ్రాహం చేసిన సగం న్యూయార్క్ సిటీ బ్యాలే ప్రదర్శనల నుంచి త్వరలోనే తప్పుకుంది. బాలంచీన్ సగం అదే పేరుతో ఆ సంస్థలో ఇప్పటికీ బతికి ఉంది. టేలర్ చేసిన ఏకాంత నృత్యం కూడా కొన్నేళ్ళకే ఆగిపోయింది. పాతికేళ్ళు అది ఎవరూ చేయలేదు. 1986లో న్యూయార్క్ సిటీ బ్యాలే దాన్ని మళ్ళీ వేదిక ఎక్కించాలనుకున్నప్పుడు టేలర్ వచ్చి, బ్యాలేలో పెరిగిన పీటర్ ఫ్రేమ్ అనే నర్తకుడికి ఆ ఈగ కదలికలు నేర్పి వెళ్ళారు.